అర మెట్టు కింద

నేను హార్ప్సికార్డుకి శ్రుతి కట్టేవాణ్ణి.
రోజుకి నాలుగుసార్లు. వాన పడితే ఆరు.
మిగతా వేళంతా చర్చిలో ఆఖరి బల్ల మీద
శ్రుతి మర జేబులో వేసుకుని కూర్చుంటాను.

వీప్కె వాయిస్తుంది.
ఇరవై ఆరేళ్లు ఒకే వ్యాన్‌లో ఊళ్లు తిరిగాం.
మొగుడూ పెళ్లాం అనుకుని హోటళ్లలో ఒకే తాళంచెవి ఇచ్చేవాళ్లు.
రెండోది అడిగి తీసుకునేవాళ్లం.
నవ్వుకునేవాళ్లం కూడా కాదు, అంత అలసట.

రోటర్‌డామ్‌లో పెద్ద ఆర్కెస్ట్రాలో ఆమెకో కుర్చీ ఉండేది,
నెల జీతం, పింఛను, పళ్ల డాక్టరు ఖర్చు.
ముప్ఫై మూడో ఏట లేచి వచ్చేసింది.
గడ్డం కింది ఆసరా పీకేసింది,
ఉక్కు తీగలు విప్పి గొర్రె పేగులు కట్టింది,
బిరడాలు వదులు చేసి పాతకాలపు శ్రుతికి దిగింది.
వాళ్ల నాన్న పాల సంఘంలో లెక్కలు రాసేవాడు. అడిగాడట:
"అందరికంటే అర మెట్టు కింద వాయించడానికి
ఉద్యోగం వదిలావా?"
"అవును నాన్నా."
ఆయన పొయ్యి మీది కాఫీ కేసి తిరిగాడట.

పేగు తీగ మాట వినదు.
లియోన్‌లో కచేరీ మధ్య తెగి చెంప చీరింది,
ఆ గీత ఇప్పుడు ముడతల్లో కలిసిపోయింది, వెతికి పట్టుకోవాలి.
టాలిన్‌లో పదకొండు మంది విన్నారు.
ఒకాయన గురక పెట్టాడు,
గురక తాళం తప్పలేదని వీప్కె మెచ్చుకుంది.
పేరు వచ్చిందా అంటే వచ్చింది,
ఆ పేరు తెలిసినవాళ్లలో.

ఇక రాయ్‌షెల్.
ఆయన్ని ఎవరూ ఎరగరు.
ఏదో చిన్న జర్మన్ సంస్థానం. దొరగారి భోజనాల వేళ
ముందు సూప్ గిన్నెలు మోసి, చేతులు కడుక్కుని,
తర్వాత వయొలిన్ అందుకునేవాడు.
జీతం సగం డబ్బు, సగం కట్టెలు, రై గింజలు.
ఆరు కన్చెర్టోలు రాశాడు. మొదటి పేజీ నిండా
దొరగారి పాదధూళి, తన అల్పత్వం.
రెండో పేజీ నుంచి ఒక్క స్వరం కూడా తల వంచదు.

మూడోది వేటకుక్కలా పరిగెడుతుంది.
నాలుగోదానిలో రెండో వయొలిన్ కాగితం ఎలకల పాలైంది.
వీప్కె ఒక శీతాకాలమంతా కూర్చుని దాన్ని కుట్టింది,
కుట్టు ఎక్కడో నాకు తెలుసు, చెప్పను.
ఐదోది నాకు నచ్చదు.

గ్రోనింగెన్ పైన, సముద్రపు గట్టు పక్కన ఈ ఊరు.
డబ్బు దొరికిన ఏడాది, అక్టోబరులో ఒక వారం
ఇక్కడ రికార్డు చేస్తాం.
హీటర్ మోగుతుందని ఆపేస్తాం. వేళ్లు కొంకర్లు పోతాయి.
చక్కెర దుంపల లారీలు తిరిగే రోజులు.
లారీ వస్తే కమాను దించాలి, పోయాక ఎత్తాలి.

నిన్న ఆరోదాని నడిమి భాగం.
కాగితం మీద ఉన్నవి పొడుగు స్వరాలు, అంతే.
నగలు పెట్టుకోవడం వాయించేవాళ్ల పని,
ఆ కాలం మర్యాద అది.
వీప్కె ఏళ్ల తరబడి పెన్సిలుతో పెట్టుకుంటూ వచ్చింది,
వంకీలు, జంటలు, మెలికలు. పేజీ నల్లబడిపోయింది.
ఈ వేసవి నుంచి ఆమె ఎడమ చిటికెన వేలు వంగడం లేదు.
ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.
విన్నాను.

ఒకసారి వాయించి ఆగింది. రబ్బరు ఉందా అంది.
ఇన్నేళ్లలో నన్ను శ్రుతి తప్ప ఏదీ అడగని మనిషి.
ఒక వంకీ చెరిపింది. మళ్లీ వాయించింది.
ఇంకోటి చెరిపింది,
పెళ్లి నుంచి ఇంటికొచ్చి ఒక్కో నగా తీసి
డబ్బాలో పెట్టుకున్నట్టు, తొందరేమీ లేకుండా.
ఏడోసారికి రాయ్‌షెల్ రాసిందే మిగిలింది,
బోసి మెడతో.
నేను కట్టిన శ్రుతి మీద
మొదటిసారి ఎవరో పూర్తిగా బరువు ఆనించి కూర్చున్నట్టయింది.

ఆఖరి స్వరం సగంలో ఉండగా లారీ వచ్చింది.
ఆమె కమాను దించలేదు.

స్పీకర్లోంచి ఇంజనీరు: "ఇంకోసారి చేద్దామా?"
వీప్కె అప్పటికే కమాను వెంట్రుకలు వదులు చేస్తోంది.
"ఆయనకీ వాయిస్తుండగానే వచ్చుంటుంది," అంది,
"కట్టెల బండి."

మూత వేయబోతూ ఒక తీగ మీటి చూశాను.
దిగింది, కొంచెం.
సవరించలేదు.